పిల్ల తరఫున

“సోమవారం నేను రాను,” అన్నాడు మెకానిక్కు, బూటు లేసు బిగిస్తూ.

“రావద్దు. చెప్పాల్సింది నేను. నేనొక్కదాన్నే చాలు.”

“అన్నీ నువ్వే చెప్తావు.”

“మరెవరు చెప్తారు? మీ అక్క చెప్తుందా, తను చేసిన ఘనకార్యం?”

లేసు తెగింది. తెగిన ముక్కని అతను కాసేపు చూసి, మిగిలినదానితోనే ముడి వేసుకున్నాడు.

ఆ ఇంట్లో ‘మీ అక్క’ అనే మాట కొత్తది. మొన్నమొన్నటిదాకా ఆవిడ ‘వదిన’. పిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రి బల్ల మీద కూర్చుని రాత్రులు మేలుకున్నది వదిన. పిల్లని తను పాఠాలు చెప్పే బళ్లోనే చేర్పించింది వదిన. ఈ ఏడాది పిల్ల తన క్లాసుకే వచ్చిందని వీధంతా చెప్పుకుని మురిసిందీ వదినే.

ఆ వదిన, అడిగినదానికి జవాబు చెప్పలేదని పిల్లని చార్టుల గదిలో పెట్టి తలుపు మూసింది. అలాగని ప్రిన్సిపాల్‌కి చెప్పింది పిల్ల తల్లి, దుబాసీ. ప్రిన్సిపాల్ దాన్ని కమిటీకి చేరవేశాడు. కమిటీ సోమవారం కూర్చుంటుంది. తల్లి మాట నిలబడితే వదిన ఉద్యోగం ఊడుతుంది. అందాకా ఆవిడని ఇంటిపట్టునే ఉండమన్నారు.

ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలో వదిన అరవలేదు, ఏడవలేదు. “పిల్లని అడగండి,” అంది. అంతే. ఎవరూ అడగలేదు. అడిగే పని లేకుండా తల్లి అంతా చెప్పేసింది.

దుబాసీ అన్నది ఆమె ఉద్యోగం. పెద్దాసుపత్రికి ఎక్కడెక్కడి భాషలవాళ్లో వస్తారు. డాక్టరుకీ రోగికీ నడుమ కుర్చీ వేసుకుని ఈ మాట అటు, ఆ మాట ఇటు చేరవెయ్యడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో మెకానిక్కు సరదాకి దుబాసీ అని పిలిచాడు. ఆ పిలుపు పక్కింటిదాకా పాకి, అక్కణ్ణించి మెట్లు దిగి వీధిలోకి పోయింది. ఇప్పుడు కూరగాయలవాడు కూడా “దుబాసీ గారూ” అనే అంటాడు.

కమిటీ ఏం తేల్చినా పిల్ల మళ్లీ ఆ గుమ్మం తొక్కదని ఆమె ఎప్పుడో తేల్చేసింది. అందుకే ఈ శుక్రవారం ఇద్దరూ సెలవు పెట్టారు. చూడాల్సిన బళ్లు రెండు.

పిల్ల బల్ల దగ్గర కూర్చుని బ్రెడ్డు అంచులు తుంచి వరసగా పేరుస్తోంది. ఎనిమిదేళ్లది. ఇంట్లోనే మాట తక్కువ. బళ్లో అదీ లేదు.

“తిన్నావా పిచ్చికా?” అన్నాడు తండ్రి.

“తింది,” అంది తల్లి. “పదండి, బస్సు తప్పుతుంది.”

మొదటి బడికి ఆరంతస్తులు. చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రుల్ని గుంపుగా పోగుచేసి, కోటు వేసుకున్న అమ్మాయి ముందు నడిచింది. ముఖం వీళ్ల వైపు పెట్టి, వెనక్కి నడుస్తూ మాట్లాడింది. ఒక్కచోట కూడా గడప తగల్లేదు.

గుంపులో ముందున్నాయన ప్రతి గదిలోనూ ఒకటే అడిగాడు. “కిందటేడు ఎంతమందికి ఫస్టుక్లాసు?” ఈతకొలను దగ్గర కూడా అదే అడిగాడు. ఇంకొకావిడ మరుగుదొడ్డి తలుపు తీసి, ఊపిరి పీల్చి, తల ఊపి, ఆ తర్వాత ఇక దేనివైపూ చూడలేదు. ఆమెకి కావలసింది దొరికింది.

మెకానిక్కు లిఫ్టులో కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అతని పనే అది. ఊళ్లో సగం లిఫ్టులు అతని చేతి మీదుగా నడుస్తాయి. ఆరో అంతస్తులో తలుపు తెరుచుకున్నాక కళ్లు తెరిచాడు.

“బాగుంది.”

“ఏం బాగుంది?”

“లిఫ్టు.”

“పిల్లని లిఫ్టులో చదివిస్తావా?”

“ఆగేటప్పుడు కుదుపు లేదు. అంటే దీన్ని చూసుకునేవాడు ఒకడున్నాడు.”

“నీకు లోకమంతా తాడూ కప్పీ.”

వెనకాల ఎవరో నవ్వారు. కోటమ్మాయి కూడా నవ్వి, తర్వాతి గది తలుపు తీసింది.

మూడో తరగతి. టీచరు వేలెత్తగానే పిల్లలు లేచారు. వేలు దించగానే కూర్చున్నారు. ఒక పిల్ల ముందుకొచ్చి తమ బడి గురించి చెప్పింది. గొంతు వణకలేదు, ఎక్కడా తడబడలేదు. చెప్పడం అయ్యాక వచ్చినవాళ్ల వైపు కాక టీచరు వైపు చూసింది. టీచరు కనురెప్ప వాల్చింది. పిల్ల వెళ్లి కూర్చుంది.

దుబాసీకి గుండె నిండింది. వీళ్లలో ఒక్కరికైనా తన పిల్ల కష్టం లేదు. ఇక్కడ ఒక ఏడాది ఉంటే చాలు, తన పిల్లా ఇలా నిలబడుతుంది, ఇలా చెప్తుంది అనుకుంది.

కోటమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని పిల్ల గడ్డం పట్టుకుంది. “నీకు ఏ పాఠం ఇష్టం బంగారం?”

“బొమ్మలెయ్యడం,” అంది దుబాసీ. “కొంచెం సిగ్గరిది లెండి.”

“ఇలాంటివాళ్లే మా దగ్గర మాటల పుట్టలవుతారు,” అని కోటమ్మాయి లేచింది. అప్పటికే వెనక్కి నడుస్తోంది.

పక్క తరగతిలో ఇంకో పిల్ల లేచింది. అవే మాటలు, అవే చోట్ల ఆగడం. మెకానిక్కు వినలేదు. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

బయటికొచ్చాక బస్సుస్టాపు బెంచీ మీద కూర్చున్నారు. పిల్ల ఇద్దరి మధ్యా కూర్చుంది.

“ఇక రెండోది చూడక్కర్లేదు,” అంది ఆమె. “ఇక్కడైతే నోరు విప్పిస్తారు.”

“అది నోరు విప్పడం కాదు. అప్పజెప్పడం.”

“అప్పజెప్పడమైనా రానీ ముందు. నీకేం, పొద్దున పోయి చీకటిపడ్డాక వస్తావు. నలుగురిలో ఎవరైనా పలకరిస్తే అది నా కొంగు వెనక దాక్కుంటుంటే నా ప్రాణం ఎలా ఉంటుందో నీకు తెలుసా?”

“దాక్కుంటుందని తెలుసు.”

“అంటే?”

“ఏం లేదు.”

“సగం మాట మింగుతావెందుకు? అను.”

“కొంగు అందించేది ఎవరని.”

బస్సు వచ్చింది. అందులో ముగ్గురికీ ఒకచోట సీట్లు దొరకలేదు. అదీ మంచిదే అయింది.

రెండో బడి ఒకప్పుడు ప్రెస్సు. అచ్చుయంత్రాలు తీసేసిన చోట నేల మీద గుంటలు పూడ్చిన మచ్చలున్నాయి. వీధి మలుపులోనే పిల్లల గోల వినిపించింది. గేటు దగ్గర ఎవరూ లేరు. ఎవరినైనా అడుగుదామంటే పెద్దవాళ్లు కనపడలేదు. వాకిట్లో ఇద్దరు ఆడపిల్లలు నీళ్లడబ్బా చెరోవైపు పట్టుకుని లాక్కుంటున్నారు. మొక్కకి నీళ్లు పొయ్యడం ఈ రోజు ఎవరి వంతన్నది తగువు. నీళ్లన్నీ గౌన్ల మీద పోతున్నాయి.

వాళ్లకి బారెడు దూరంలో, పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒకావిడ కూర్చుని చూస్తోంది. బడి పెట్టినావిడ. అక్కడందరూ పెద్ద టీచరంటారు.

“వాళ్లు కొట్టుకుంటున్నారండీ,” అంది దుబాసీ.

“అవును.”

“చూస్తూ కూర్చున్నారేంటి?”

“తేల్చుకుంటారేమోనని.”

“తేల్చుకోకపోతే?”

“అప్పుడు లేస్తా. మోకాళ్ల నొప్పులమ్మా, ఊరికే లేవను.”

మెకానిక్కు నవ్వాడు. దుబాసీ నవ్వలేదు. ఆమె కళ్లు తడిసిన గౌన్ల మీదే ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే ఆమె ఆ బడికి మార్కులు వేసేసింది. గేటు దగ్గర మనిషి లేడు. గదుల్లో క్రమం లేదు. ఒక మూల ఒకడు పుస్తకం చదువుతుంటే ఇంకో మూల నలుగురు పాట పాడుతున్నారు. గోడమీద బొమ్మల్లో ఒకడు సూర్యుణ్ణి నల్లగా వేస్తే అదీ అంటించారు. ఇలాంటి చోట తన పిల్ల నలిగిపోతుంది. దీని మాట ఈ గోలలో ఎవరికి వినపడుతుంది?

తీరా చూస్తే నీళ్లడబ్బా తగువు తేలింది. నీళ్లన్నీ ఒలికిపోయాయి గనక ఇద్దరూ కలిసి మళ్లీ నింపుకురావడానికి పోయారు.

పెద్ద టీచరు ముగ్గురినీ లోపలికి తీసుకెళ్లింది. ఆఫీసు గది అని వేరే లేదు. కిటికీ పక్కన ఒక బల్ల, చుట్టూ నాలుగు కుర్చీలు. ఆవిడ పిల్లకి ఎదురుగా కూర్చుంది.

“పాత బడి ఎందుకు మానేశావమ్మా?”

“అక్కడ నాకు భయం. జవాబు చెప్పలేదని గదిలో పెట్టి తలుపేశారు. చీకటి. ఏడ్చినా ఎవరూ రాలేదు.”

అన్నది దుబాసీ.

అది ఆమె ఆసుపత్రి గొంతు. ఎవరి ముఖమూ చూడకుండా, పైకీ కిందికీ పోకుండా, రోగి ఏమన్నాడో అది రోగే అంటున్నట్టు చెప్పే గొంతు. రోగి ‘నాకు నొప్పి’ అంటే ఆమె కూడా ‘నాకు నొప్పి’ అనే అంటుంది. అక్కడి పద్ధతి అది. అలా అన్నానని ఆమెకే తెలియలేదు. భర్త తలెత్తి చూసినప్పుడు కూడా ఎందుకు చూస్తున్నాడో తెలియలేదు.

పెద్ద టీచరు పిల్లని చూసింది. తర్వాత తల్లిని చూసింది.

“ఇది ఎవరి మాటమ్మా?”

“పాపదే.”

“మీరన్నారు.”

“నా ఉద్యోగమే అదండీ. ఆసుపత్రిలో దుబాసీని. పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలిసినదాన్ని. ఇన్నేళ్లలో ఒకరి మాటకి నా మాట కలపలేదు, ఒకరి మాట మింగలేదు.”

“మంచి పని. మరి పాప మీకు ఈ మాట ఎప్పుడు చెప్పింది?”

“ఆ రోజే.”

“ఆ రోజు ఏమని చెప్పింది?”

దుబాసీ నోరు తెరిచింది.

ఆ రోజు సాయంత్రం పిల్ల కోసం వెళితే క్లాసులో లేదు. వెతుక్కుంటూ పోయి చార్టుల గది తలుపు తోసింది. చుట్టచుట్టిన పటాల మధ్య పిల్ల నేల మీద కూర్చుని ఉంది. అత్త పెట్టిందా ఇక్కడ? పిల్ల తల వంచింది. చీకట్లో భయమేసిందా? వంచిన తల అలాగే ఉంది. ఏడ్చావా? అప్పుడు తల ఊపిందో, ఊపినట్టు తనకి అనిపించిందో.

ఇప్పుడు వెతికితే ఆ గదిలో తన గొంతు తప్ప ఇంకో గొంతు లేదు.

ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్లకి ఆమె మొదట చెప్పే పాఠం ఒకటుంది. తల ఊపడం జవాబు కాదు. నొప్పికీ ఊపుతారు, భయానికీ ఊపుతారు, నువ్వు అడగడం ఆపితే చాలనీ ఊపుతారు. ఊపిన తలని తర్జుమా చెయ్యకు. మళ్లీ అడుగు. ఊరుకుంటే నువ్వూ ఊరుకో. నోరు తెరిచేదాకా కూర్చో.

“తప్పు పట్టడం లేదమ్మా,” అంది పెద్ద టీచరు. “చేర్చుకుంటే నాకు తెలియాలి కదా. ఈ పిల్ల మాట్లాడదా, మాట్లాడే సందు దొరకలేదా అని.”

దుబాసీ లేచింది. కుర్చీ వెనక్కి పడింది. “మా పిల్ల సంగతి మాకు తెలుసు. పదండి.”

పిల్ల వంగి కుర్చీ లేపి నిలబెట్టింది. పెద్ద టీచరు థాంక్స్ చెప్పింది. పిల్ల పెదాలు కదిలాయి. ఏమందో వినేలోగా తల్లి చెయ్యిపట్టి లాగింది.

బస్సులో ముగ్గురికీ ఒకచోటే సీట్లు దొరికాయి. చాలా స్టాపులు వెళ్లాయి.

“ఎప్పుడు చెప్పింది?” అన్నాడు మెకానిక్కు.

“నువ్వు కూడానా?”

“అడుగుతున్నా.”

“నీకు మీ అక్క కావాలి. అది చాలు, ఇంకేం అక్కర్లేదు.”

“నాకు అక్కా కావాలి, నువ్వూ కావాలి, ఇదీ కావాలి. ఎవర్ని వదులుకోమంటావు?”

ఆమె కిటికీ వైపు తిరిగింది. అద్దంలో పిల్ల కనపడింది. పిల్ల వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆట చూస్తున్నట్టు బంతి ఎటు పోతే అటు.

ఇంటికి చేరాక మెకానిక్కు టీ పెడతానని వంటింట్లోకి పోయాడు. దుబాసీ చెప్పులు విప్పలేదు. ఒక కుర్చీ లాక్కుని పిల్ల పక్కన వేసుకుంది. ఎదురుగా కాదు, పక్కన. రోగి దగ్గర వేసుకున్నట్టే.

“ఆ రోజు చార్టుల గదిలోకి ఎలా వెళ్లావమ్మా?”

పిల్ల మాట్లాడలేదు.

ఆమె నాలుక మీదికి మాట వచ్చింది. అత్త తీసుకెళ్లిందా అన్న మాట. పళ్లు బిగించి ఆపింది. తెలియనివాళ్ల దగ్గర ఎన్నిసార్లు ఇలా కూర్చుంది! ముసలాయన ఒకడు పెళ్లాం పోయిన సంగతి చెప్పడానికి డాక్టరు చేతిగడియారం చూసుకునేదాకా ఆగాడు. అప్పుడు కూడా ఆమె తొందరపడలేదు. సొంత పిల్ల దగ్గర ఊపిరాడడం లేదు.

వంటింట్లో గిన్నె చప్పుడయింది. టీ పొంగిన వాసన వచ్చింది.

“నడిచి,” అంది పిల్ల.

“ఎవరు తీసుకెళ్లారు?”

“ఎవరూ లేరు.”

“మరి తలుపు?”

“నేనే వేసుకున్నా.” పిల్ల బల్ల అంచు గీరుతోంది. గీరడం ఆపి మళ్లీ అంది. “అత్త లెక్క అడిగింది. రాకపోతే ఫర్లేదు, ఆలోచించుకుని చెప్పు అంది. అందరూ నావైపే చూశారు. చివరి గంట కొట్టాక వెళ్లి ఆ గదిలో కూర్చున్నా.”

“ఎందుకమ్మా?”

“నువ్వొస్తావని.”

“నేనొస్తే?”

“జవాబు నువ్వు చెప్తావు కదా. అత్తకి.”

మెకానిక్కు రెండు గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు.

దుబాసీ అడిగింది. “మరి నేను ప్రిన్సిపాల్ గారికి అదంతా చెప్తున్నప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. కాదని ఎందుకు చెప్పలేదు?”

పిల్లకి ప్రశ్న అర్థం కానట్టుంది. తల్లి ముఖంలోకి చూసింది.

“నువ్వు మాట్లాడుతున్నావు కదా,” అంది.

ఫోను దుబాసీ తనే తీసింది. వదిన నంబరు నొక్కింది.

“వదినా.”

అవతల టీవీ గొంతు తగ్గించిన చప్పుడు.

“ఎవరూ, దుబాసీవా? ఏమ్మా, దారి తప్పావా?”

“నేను తప్పు చెప్పాను వదినా. పిల్లని నువ్వు గదిలో పెట్టలేదు.”

“పెట్టలేదని నాకు తెలుసులే. నేనే కదా అక్కడున్నది.”

“సోమవారం వస్తాను. కమిటీ ముందు నేనే చెప్తాను. అందరి ముందూ చెప్తాను.”

“సోమవారం కమిటీ లేదమ్మా.”

“వాయిదా వేశారా?”

“పొద్దున పోయి రాజీనామా ఇచ్చొచ్చాను. తీసుకున్నారు.”

దుబాసీ లేచి నిలబడింది. “ఎందుకిచ్చావు? పిల్లని అడగండి అన్నావుగా నువ్వే!”

“అన్నాను. కమిటీవాళ్లు నిజంగానే అడుగుతామన్నారు. అయిదుగురి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి. దానికి సొంత అత్తనైన నా ముందే నోరు పెగల్లేదు. అక్కడ పెగులుతుందా? పెగలకపోతే అదే సాక్ష్యం అంటారు. రేపు పెద్దయ్యాక అత్త ఉద్యోగం నావల్లే పోయిందని అది మొయ్యాలి. నా వల్ల కాదమ్మా.”

“వెనక్కి తీసుకో వదినా. నేను ఇప్పుడే ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేస్తాను. జరిగింది జరిగినట్టు చెప్తాను.”

“మళ్లీ నువ్వే చెప్తావా?” అంది వదిన. దెప్పినట్టు లేదు. అలసిపోయినట్టు ఉంది. “ఈసారి నమ్ముతారా? మొన్న ఒకటి చెప్పి ఇవాళ ఒకటి చెప్తే ఏది పిల్ల మాటని అడగరూ?”

మెకానిక్కు గ్లాసులు బల్ల మీద పెట్టాడు. టీ అప్పటికే మీగడ కట్టింది.

“సరేలే, అది తర్వాత. ఇవాళ బళ్లు చూడబోతున్నామని తమ్ముడు చెప్పాడు.” వదిన గొంతు సర్దుకుంది. తమ్ముడు ఆవిడకి ఎప్పుడు చెప్పాడని దుబాసీ అడగలేదు. “రెండూ చూశారా? దానికి ఏది నచ్చింది?”

ఆరంతస్తులది తనకి నచ్చింది. ప్రెస్సుది మొగుడికి నచ్చిందని అక్కడ అతను నవ్విన నవ్వే చెప్పింది. బెంచీ మీదా, బస్సులోనూ ఇద్దరూ పోట్లాడారు. పిల్ల మధ్యనే కూర్చుని ఉంది.

దుబాసీ ఫోను చెవి నుంచి తీసింది. చెయ్యి చాపి పిల్ల ముందు పెట్టింది.

“అత్త అడుగుతోంది,” అంది. ఇంకేం చెప్పలేదు.

పిల్ల ఫోను వైపు చూసింది. అందుకోలేదు. తల్లి కొంగు వైపు చూసింది. ఫోనులోంచి వదిన ఊపిరి వినపడుతోంది.

మెకానిక్కు ఏదో అనబోయాడు. దుబాసీ రెండో చేత్తో ఆగమంది. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది.